సోటోని వదులుకున్నందుకు నాకు కోపం లేదు

అమెరికా బేస్‌బాల్ టీమ్ వాషింగ్టన్ నేషనల్స్ అభిమానుల్లో నాలాంటివాళ్లు తక్కువ. 2022 ఆగస్టులో మా స్టార్ బ్యాటర్ హువాన్ సోటోని సాన్ డియేగో పాడ్రేస్‌కి ట్రేడ్ చేయడం, అంటే అతన్నిచ్చి బదులుగా వేరే ఆటగాళ్లను తీసుకోవడం, సరైన పనేనని ఇప్పటికీ వాదిస్తుంటాను. నేను ఈ మాటెత్తితే చాలు, మా అబ్బాయి లేచి తన గదిలోకి వెళ్లిపోతాడు. సోటో 22 నంబరు జెర్సీ వాడికి పట్టడం మానేసి చాలాకాలమైంది, అయినా ఎవరికీ ఇవ్వనివ్వడు.

సోటో అంటే ఇష్టం లేక కాదు. 2019 అక్టోబర్ 1న మిల్వాకీ బ్రూవర్స్‌తో వైల్డ్ కార్డ్ నాకౌట్ మ్యాచ్ చూసినవాళ్లెవరికీ ఆ ఎనిమిదో ఇన్నింగ్స్ మరపురాదు. 3-1తో వెనకబడి ఉన్నాం. ఇద్దరు అవుట్. మూడు బేసులూ నిండి ఉన్నాయి. బంతి వాళ్ల పిచ్చర్ (బంతి విసిరేవాడు) జోష్ హేడర్ చేతిలో ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాడు సోటో దాన్ని రైట్ ఫీల్డ్‌లోకి కొడితే, అక్కడున్న ట్రెంట్ గ్రిషమ్ గ్లవ్ పక్కనుంచి జారి వెనక్కి పోయింది. ముగ్గురూ హోమ్ చేరారు, 4-3. ఆ నెలాఖరుకి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ టైటిల్, మనది. (ఆ గ్రిషమే తర్వాత పాడ్రేస్‌లో సోటోకి సహచరుడయ్యాడు. ఇద్దర్నీ ఒకే ట్రేడ్‌లో న్యూయార్క్ యాంకీస్‌కి పంపారు. బేస్‌బాల్లో ఇలాంటి వింతలకు కొదవ లేదు.)

అంతటి ఆటగాణ్ణి ఎందుకు వదులుకోవాలి? మేజర్ లీగ్‌లో ఒక ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా టీమ్ చేతిలో ఉంటాడు. ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్, ఎవరెక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు. కాబట్టి స్టార్ విలువంటే బ్యాటింగ్ ఒక్కటే కాదు, ఇంకెన్నాళ్లు మన చేతిలో ఉంటాడన్నది కూడా. రోజులు గడిచేకొద్దీ అది కరిగిపోతుంది.

సోటో కథే చూడండి. మేం పంపినప్పుడు అతను ఫ్రీ ఏజెంట్ కావడానికి ఇంకా రెండున్నర సీజన్లు ఉంది. అందుకే సీజే ఏబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ ఉడ్‌తో పాటు మరికొందరు కుర్రాళ్లు వచ్చారు. పాడ్రేస్ 2023 డిసెంబర్లో యాంకీస్‌కి ఇచ్చేసరికి మిగిలింది ఒకే సీజన్. అయినా మైకేల్ కింగ్ లాంటి మంచి పిచ్చర్, ఇంకొందరు దొరికారు. ఆ ఒక్క సీజనూ అయిపోయాక అతను మెట్స్ టీమ్‌కి వెళ్లిపోతే యాంకీస్‌కి మిగిలింది పరిహారంగా వచ్చే డ్రాఫ్ట్ పిక్, అంటే ఒక కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే హక్కు. మనిషి అదే, బ్యాటూ అదే.

మరి ఉంచుకోవచ్చుగా అంటారు. అడిగారు. 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు, కాదన్నాడు. ఆ వార్త 2022 జూలైలో బయటపడింది. రెండు రోజులకే హోమ్ రన్లు కొట్టే పోటీ, హోమ్ రన్ డెర్బీ గెలిచి, నాకేం టెన్షన్ లేదన్నట్టు నవ్వుతూ నిలబడ్డాడు! నిజానికి ఆ బేరంలో గొప్పేమీ లేదు. ఏడాదికి 3 కోట్లు కూడా పడదు. అప్పటికే మెట్స్ పిచ్చర్ మాక్స్ షెర్జర్‌కి ఏడాదికి 4 కోట్ల పైనే ఇస్తోంది. పైగా యజమానులు లెర్నర్ కుటుంబం అప్పట్లో టీమ్‌నే అమ్మే ఆలోచనలో ఉంది. రేపు ఎవరి కింద ఆడాలో తెలియకుండా 15 ఏళ్లకు సంతకం పెట్టమంటే ఎవరు పెడతారు? చివరికి మెట్స్ ఇచ్చింది 76.5 కోట్లు.

మేం స్టార్లందరి దగ్గరా ఒకేలా చేయలేదు. బ్రైస్ హార్పర్ 2018 తర్వాత ఫ్రీ ఏజెంటై, 33 కోట్లకు ఫిలడెల్ఫియా వెళ్లాడు. మాకు దక్కింది ఒక డ్రాఫ్ట్ పిక్. తర్వాతి ఏప్రిల్లో అతను తిరిగి మా గ్రౌండ్‌కొస్తే అందరూ గోల చేశారు, అతను హోమ్ రన్ కొట్టాడు, మా నోళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాదే అతను లేకుండా కప్పు గెలిచాం, అది వేరే సంగతి. గెలిచిన మురిపెంలో సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), మా పిచ్చర్ స్ట్రాస్‌బర్గ్‌కి ఏడేళ్లకు 24.5 కోట్లు రాసిచ్చారు. అప్పటికతనికి 31 ఏళ్లు. ఆ కాంట్రాక్ట్ కింద అతను ఆడింది మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు. పాపం అతని తప్పేం లేదు, భుజం దగ్గర నరాల సమస్య, ఆపరేషన్ చేసినా కుదుటపడలేదు. ముప్పై దాటిన పిచ్చర్‌తో సుదీర్ఘ కాంట్రాక్టంటే మాత్రం అప్పట్నుంచి నాకు భయం. స్ట్రాస్‌బర్గ్ సంతకం పెట్టిన నెలలోనే, సరిగ్గా అదే మొత్తానికి మా ఇంకో స్టార్ ఆంథనీ రెండాన్ ఏంజెల్స్ టీమ్‌కి వెళ్లాడు. అతని గాయాలూ, ఆ ఖర్చూ వాళ్ల నెత్తిన పడ్డాయి.

2021లో షెర్జర్, ట్రే టర్నర్‌లను కలిపి డాడ్జర్స్‌కి పంపిన ట్రేడ్ గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ట్రేడ్ చేస్తే చాలు, బంగారం కురుస్తుందని నేననను.

అలాగని ఏంజెల్స్‌లా మొహమాటపడి కూర్చోకూడదు. 2023 జూలైలో తమ స్టార్ ఓటానిని ట్రేడ్ చేయకపోగా, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) ఆశతో తమ కుర్రాళ్లనే ఇచ్చి పిచ్చర్ గియోలిటోని తెచ్చుకున్నారు. ప్లేఆఫ్సూ రాలేదు, డిసెంబర్లో ఓటాని 70 కోట్లకు డాడ్జర్స్ దగ్గరికి పోయాడు.

నా కోపమంతా ట్రేడ్ తర్వాత జరిగినదాని మీద. 2025లో ఉడ్, గోర్ ఇద్దరూ ఆల్‌స్టార్లయ్యారు. అంటే కుర్రాళ్లను ఎంచుకోవడంలో పొరపాటు లేదు. అయినా ఆ ఏడాది 96 మ్యాచ్‌లు ఓడాం. 2019 తర్వాత అప్పటిదాకా గెలుపులు ఓటముల కంటే ఎక్కువున్న సీజన్ ఒక్కటీ లేదు. కుర్రాళ్లు చేతికొచ్చాక వాళ్ల చుట్టూ నలుగురు అనుభవజ్ఞుల్ని కొనిపెట్టాలి కదా. ఆ డబ్బు దగ్గరికొచ్చేసరికి యజమానుల చెయ్యి జేబులోంచి బయటికి రాదు.

ఇప్పుడు ఉడ్ వంతు. పొరుగునే ఉన్న మేరీలాండ్‌లో పెరిగిన కుర్రాడు. 2025లో 31 హోమ్ రన్లు కొట్టాడు, స్ట్రైకౌట్లూ (మూడు స్ట్రైకులకు అవుటవడం) కుప్పలు తెప్పలుగా అయ్యాడు. ఆ స్ట్రైకౌట్లు చూసి ఆగుదామనేవాళ్లున్నారు. నేనైతే వాటివల్ల రేటు కాస్త తక్కువగా ఉన్నప్పుడే కాంట్రాక్ట్ కాగితం ముందు పెట్టమంటాను. లెక్క ప్రకారం 2030 సీజన్ అయ్యాకే అతను ఫ్రీ ఏజెంట్. ఒప్పుకుంటే పండగే. ఒప్పుకోకపోతే సోటో విషయంలోలాగే రెండున్నర సీజన్లు మిగిలే గీత 2028 జూలైలో వస్తుంది. ఆ నెలలో ఉడ్‌నీ పంపేయమంటాను. మా అబ్బాయి ఈసారి గది తలుపు గట్టిగానే వేస్తాడు.