పీటీఎస్‌డీకి వీఏ క్లెయిమ్: నా అనుభవం

అమెరికా సైన్యంలో చేరడానికి పౌరసత్వమే ఉండాలని లేదు, గ్రీన్ కార్డు ఉన్నా తీసుకుంటారు. నేను అలాగే 2010లో ఆర్మీలో చేరి 2014లో బయటికి వచ్చాను. నా పని 88ఎం, అంటే మిలిటరీ లారీలు నడపడం. 2011, 2012లో అఫ్గానిస్తాన్‌లోని కందహార్ చుట్టుపక్కల కాన్వాయ్‌లలో తిరిగాను. ఒకసారి మా ముందు బండి కింద ఐఈడీ, అంటే రోడ్డులో పెట్టిన బాంబు, పేలింది. అందులో ఉన్నవాళ్లలో ఒకడు నాకు బాగా దగ్గరివాడు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను. ఆ దెబ్బ మనసుకు తగిలిందని, అంటే పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు) వచ్చిందని, మాజీ సైనికుల సంగతి చూసే డిపార్ట్‌మెంట్ ఆఫ్ వెటరన్స్ అఫైర్స్‌కి, అంటే మేమంతా వీఏ అని పిలిచే శాఖకి, కాగితాల మీద ఎలా చూపించానో రాస్తాను. క్లెయిమ్ అంటే సర్వీసు వల్ల వచ్చిన జబ్బుకి నెలనెలా పరిహారం అడగడం. జబ్బు ఎంత తీవ్రమో శాతాల్లో రేటింగ్ ఇచ్చి, దాన్నిబట్టి డబ్బు ఇస్తారు. మన ఇళ్లలోంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లకే కాదు, వాళ్ల భార్యలకి, అమ్మానాన్నలకి కూడా ఇది తెలుగులో ఉంటే పనికొస్తుంది.

బయటికి వచ్చాక చాలా ఏళ్లు నేను క్లెయిమ్ జోలికి వెళ్లలేదు. జీఐ బిల్ అనే మాజీ సైనికుల చదువు సాయంతో డిగ్రీ చేసి, ఒక రవాణా కంపెనీలో ఆఫీసు ఉద్యోగంలో చేరాను. పైకి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. కానీ హైవే మీద పక్కన ఏదైనా సంచి పడి ఉంటే లేన్ మార్చేవాణ్ణి. అమెరికా అంతా టపాకాయలు కాల్చే జులై 4 రాత్రి బాత్రూమ్‌లో తలుపేసుకుని ఫ్యాన్ వేసుకుని కూర్చునేవాణ్ణి. దీపావళికి టపాకాయలు కాల్చే చోటికి పిల్లాణ్ణి నా భార్యే తీసుకెళ్లేది. నిద్రలో ఒకసారి నా చెయ్యి తగిలి ఆమె పెదవి చిట్లింది. ఆ తర్వాత తను పిల్లాడి గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. నన్ను వీఏ ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా తనే. అక్కడ పీటీఎస్‌డీ, దానితో పాటు డిప్రెషన్ ఉన్నాయని రాశారు.

క్లెయిమ్ వేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "గవర్నమెంట్‌కి నువ్వే రాసిస్తావా నాన్నా, నాకు బుర్ర సరిగా లేదని? రేపు ఉద్యోగం పోతే? పిల్లాడికి సంబంధాలు వచ్చేటప్పుడు ఎవరైనా ఎత్తి చూపితే?" అంది. పిల్లాడికి అప్పటికి ఐదేళ్లు. అమ్మ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు, మన ఇళ్లన్నిటిలో ఉన్న భయమే అది. వీఏ నా ఫైలు నా ఆఫీసుకి పంపదని, ఆ కాగితం ఊరికి చాటింపు వేయడం కాదని నెమ్మదిగా చెప్పాను. గాయానికి ప్రభుత్వం బాధ్యత తీసుకోవడం దయాదాక్షిణ్యం కాదని కూడా చెప్పాను. అది ఆమెకి ఎక్కడానికి టైమ్ పట్టింది.

ముందుగా చేయాల్సిన పని చాలా చిన్నది. ఇంటెంట్ టు ఫైల్ అని ఒకటుంది, ఫారం నంబర్ 21-0966. "నేను క్లెయిమ్ వేయబోతున్నాను" అని చెప్పడమే అది. ఆన్‌లైన్‌లో క్లెయిమ్ మొదలుపెట్టినా ఆ తేదీ నమోదవుతుంది. అప్పటి నుంచి అసలు క్లెయిమ్ వేయడానికి ఏడాది గడువుంటుంది. ఆలోపు వేసి, అది మంజూరైతే, డబ్బు సాధారణంగా ఆ మొదటి తేదీ నుంచి లెక్కగడతారు. కాగితాలు ఇంకా కూడలేదని ఆగిపోయేవాళ్లు ఈ ఒక్కటి మాత్రం ఈరోజే చేసి పెట్టుకోండి.

తర్వాత మా కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ దగ్గరికి, అంటే మాజీ సైనికులకి క్లెయిమ్‌లలో సాయం చేసే స్థానిక అధికారి దగ్గరికి, వెళ్లాను. ఆయన గల్ఫ్ యుద్ధం చూసి వచ్చిన మనిషి. నా డీడీ-214 (సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం) చదివి, నా వైపు తిరిగి మంచినీళ్లు ఇచ్చి, మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ సాయానికి పైసా తీసుకోరు. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు కూడా ఉచితంగానే చేస్తారు. మొదటి క్లెయిమ్ తయారు చేసి పెట్టినందుకు ఫీజు తీసుకోవడానికి చట్టం ఎవరికీ అనుమతి ఇవ్వదు. వీఏ గుర్తింపు ఉన్న లాయర్లు కూడా మొదటి నిర్ణయం వచ్చాకే ఫీజు తీసుకోవచ్చు. అయినా ఫోన్లు చేసి "మీకు 100 శాతం రేటింగ్ ఇప్పిస్తాం, పెరిగిన డబ్బులో ఇన్ని నెలలది మాకివ్వండి" అనే కంపెనీలు ఉన్నాయి. నాకూ చేశారు. బాధలో ఉన్న మనిషి దగ్గర ఇలా డబ్బు గుంజడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన చెప్పిన లెక్క ఇది. క్లెయిమ్ నిలబడాలంటే మూడు కావాలి: ఇప్పుడు జబ్బు ఉందని డాక్టర్ నిర్ధారణ, సర్వీసులో జరిగిన సంఘటన, ఆ రెంటికీ లింకు. మూడోదాన్నే నెక్సస్ అంటారు. లింకు నూటికి నూరుపాళ్లు రుజువు కానక్కర్లేదు. ఉండే అవకాశం, లేకపోయే అవకాశం సమానంగా ఉన్నా మొగ్గు మనవైపే. నా సర్వీసు రికార్డులో ఆ పేలుడు గురించి వివరంగా ఏమీ లేదు. దాంతో నాకు టెన్షన్ పట్టుకుంది. అయితే 2010 జులైలో వీఏ ఒక రూలు మార్చింది. శత్రుదాడి భయం ఉన్న చోట పనిచేసి, ఆ భయం వల్లే పీటీఎస్‌డీ వచ్చిందని వీఏ తరఫు సైకాలజిస్టో సైకియాట్రిస్టో చెప్తే, ఆ సంఘటన మన సర్వీసు పరిస్థితులకి తగినట్టుగా ఉంటే, విడిగా సాక్ష్యం అడగరు. అంతకుముందు లారీ డ్రైవర్లు, వంటవాళ్లు, మెకానిక్‌లు దీని దగ్గరే ఇరుక్కుపోయేవాళ్లు.

ఫారాల్లో అన్నిటికన్నా బరువైనది 0781. ఏం జరిగింది, ఎక్కడ, సుమారుగా ఎప్పుడు, ఎవరెవరు ఉన్నారు అని అడుగుతుంది. లైంగిక దాడికి గురైనవాళ్లకి ఇంతకుముందు 0781ఏ అని వేరే ఫారం ఉండేది, 2024లో రెంటినీ కలిపేశారు. వాళ్లు అప్పట్లో ఫిర్యాదు చేసి ఉండకపోయినా, ఆ తర్వాత ప్రవర్తనలో, పనిలో వచ్చిన మార్పుల్ని ఆధారంగా చూస్తారు. నేను 0781 రాసిన రాత్రుల్లో నా భార్య హాల్లోనే కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. ఒక్క మాట చెప్తాను: దీన్ని ఒంటరిగా ఉన్నప్పుడు రాయకండి. రాసేటప్పుడు ఊపిరాడకపోతే ఆపేయండి. క్లెయిమ్ రేపు కూడా ఉంటుంది.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం. ఆ రోజు అక్కడ ఎంత ఘోరం జరిగిందో దాన్నిబట్టి రేటింగ్ ఇవ్వరు. ఇవాళ మీ ఉద్యోగం, మీ ఇల్లు ఎంత దెబ్బతిన్నాయో దాన్నిబట్టి ఇస్తారు. మానసిక జబ్బులన్నిటికీ ఒకటే కొలత: 0, 10, 30, 50, 70, 100. పీటీఎస్‌డీ, డిప్రెషన్ రెండూ ఉన్నా రెండు రేటింగులు రావు, కలిపి ఒకటే. అప్పుడప్పుడూ పనిలో వెనకబడితే 30. పనిలో నమ్మకంగా నిలబడలేకపోవడం, చేసే పని తగ్గిపోవడం ఉంటే 50. ఉద్యోగం, కుటుంబం, ఆలోచన, మానసిక స్థితి ఇలా జీవితంలో చాలా భాగం దెబ్బతింటే 70. పూర్తిగా కుప్పకూలిపోతే 100. ఈ వాక్యాలు 38 సీఎఫ్‌ఆర్ 4.130 అనే ఫెడరల్ నిబంధనలో ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు. నేను చదివాక నా జీవితాన్ని ఆ చూపుతో మళ్లీ చూసుకున్నాను. మీటింగ్‌లో తలుపుకి వీపు పెట్టి కూర్చోవాల్సి వస్తే లేచి వెళ్లిపోయిన సంగతి, దానికి మేనేజర్ రాసిన మెయిల్, జీతం కోసుకుని పెట్టిన సెలవులు, రెండుసార్లు చేతికి వచ్చి తప్పిపోయిన ప్రమోషన్, తమ్ముడి పెళ్లిలో మంటపం దగ్గరికి రాలేక కారులో కూర్చోవడం. ఇవన్నీ నేను సిగ్గుపడి ఎవరికీ చెప్పనివి. ఇవే సాక్ష్యాలు.

నా భార్య కూడా ఒక వాంగ్మూలం రాసింది. దానికి 21-10210 అనే ఫారం ఉంది. తను గొప్ప గొప్ప మాటలేమీ రాయలేదు. ఏ నెలలో ఏం జరిగిందో, వారానికి ఎన్ని రాత్రులు నేను లేచి ఇల్లంతా తాళాలు చూస్తానో, పిల్లాడు నన్ను లేపాలంటే దూరం నుంచే పిలవాలని తను ఎలా నేర్పిందో రాసింది. సంతకం పెట్టే ముందు నాకు చదవమని ఇచ్చింది. పిల్లాడి గురించి రాసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. నాతో కాన్వాయ్‌లో పనిచేసిన ఒక మిత్రుడు ఒహాయో నుంచి బడ్డీ లెటర్, అంటే తోటి సైనికుడిగా తను చూసింది రాసిన ఉత్తరం, పంపాడు.

కొన్నాళ్లకి సీ అండ్ పీ పరీక్షకి, అంటే క్లెయిమ్ కోసం చేసే డాక్టర్ పరీక్షకి, పిలిచారు. దీన్ని ఎక్కువగా వీఏ పెట్టుకున్న ప్రైవేటు కంపెనీల డాక్టర్లు చేస్తారు. అది వైద్యం కాదు, రిపోర్టు రాయడం మాత్రమే. రేటింగ్ ఇచ్చేది వీఏలో వేరే మనిషి. మా ఆఫీసర్ ముందే చెప్పారు: ఒక్క ముక్క ఎక్కువ చెప్పొద్దు, ఒక్క ముక్క దాచొద్దు, మంచి రోజుల గురించి అడిగితే చెడ్డ రోజుల గురించి కూడా చెప్పు అని. అలాగే వెళ్లాను. ఆ డాక్టర్ కంప్యూటర్ వైపు చూస్తూ అవునా కాదా అని మాత్రమే అడిగాడు. ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న. ఇంటి సంగతి నేను మొదలుపెడితే "అది తర్వాత" అని మళ్లీ అటు రాలేదు.

నిర్ణయం 30 శాతంగా వచ్చింది. సర్వీసు వల్లే జబ్బు వచ్చిందని ఒప్పుకున్నారు, అది పెద్ద విషయమే. ఆ ఉత్తరం చదివినప్పుడు ఏడ్చాను కూడా. కానీ మా ఆఫీసర్ ఆ పరీక్ష రిపోర్టు తెప్పించి నా ముందు పెట్టాక కోపం వచ్చింది. చూసిన రికార్డుల జాబితాలో నా భార్య వాంగ్మూలం లేదు, బడ్డీ లెటర్ లేదు. కుటుంబ సంబంధాలు "బాగున్నాయి" అని ఉంది.

2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, నిర్ణయం నచ్చకపోతే మూడు దారులు. కొత్త ఆధారం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్. కొత్తది లేదు, ఉన్నదాన్నే సరిగా చూడలేదు అంటే హయ్యర్ లెవెల్ రివ్యూ. లేదంటే వీఏ అప్పీళ్ల బోర్డుకి అప్పీలు, అక్కడ జడ్జి చూస్తారు. ఏడాదిలోపు వెళ్తే మొదటి తేదీ పోదు. నా ఆధారాలన్నీ అప్పటికే ఫైల్లో ఉన్నాయి కాబట్టి రెండోది ఎంచుకున్నాం. అందులో ఇన్‌ఫార్మల్ కాన్ఫరెన్స్ అని ఫోన్‌లో మాట్లాడే అవకాశం అడగవచ్చు, తప్పక అడగండి. మా ఆఫీసర్ లైన్లో ఉన్నారు. ఆవేశపడకుండా, ఆ రిపోర్టులో ఏ పేజీలో ఏం వదిలేశారో చెప్పాం. పరీక్ష సరిపోలేదని, మళ్లీ చేయించాలని రివ్యూ చేసినవారు నిర్ణయించారు.

రెండో పరీక్ష చేసిన సైకాలజిస్టు నా భార్య రాసింది చదివి వచ్చారు. తాళాల గురించి ఆవిడే అడిగారు. ఆఫీసులో నెల ఎలా గడుస్తుందో, పిల్లాడితో ఆడుకోగలుగుతున్నానా అని అడిగి, నేను చెప్పేదాకా ఆగారు. ఈసారి 70 శాతం వచ్చింది, ఇంటెంట్ టు ఫైల్ తేదీ నుంచి. 2025 లెక్కలో, మీద ఆధారపడినవాళ్లు లేనివారికి 30 శాతానికి నెలకు 537 డాలర్లు, 70 శాతానికి 1,759 డాలర్లు వచ్చేవి. భార్యాపిల్లలుంటే ఇంకొంచెం కలుస్తుంది. ఈ డబ్బుకి ఇన్‌కమ్ టాక్స్ లేదు. చెవిలో హోరుకి నాకు విడిగా 10 శాతం ఉంది, కానీ 70కి 10 కలిపితే 80 కాదు. మిగిలిన 30లో పదో వంతు కలిపి 73, దాన్ని మళ్లీ 70కి దించుతారు. 70 వచ్చినవాళ్లు జబ్బు వల్ల ఉద్యోగమే చేయలేకపోతే, 100 శాతం స్థాయిలో డబ్బు ఇచ్చే టీడీఐయూ అనే ఏర్పాటు కోసం అడగవచ్చు. నేను పని చేస్తున్నాను కాబట్టి అడగలేదు.

క్లెయిమ్ నడిచినన్నాళ్లూ నన్ను నిలబెట్టింది మాత్రం వెట్ సెంటర్. యుద్ధప్రాంతంలో పనిచేసినవాళ్లకి, వాళ్ల కుటుంబాలకి అక్కడ కౌన్సెలింగ్ ఉచితం. రేటింగ్ ఉన్నా లేకపోయినా వెళ్లవచ్చు. నా భార్య కూడా వస్తుంది. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి తనూ వచ్చి కూర్చుంది, కౌన్సెలర్ మాటలు నా భార్య తెలుగులో చెప్తుంటే విన్నది. నా రేటింగ్ పర్మనెంట్ కాదు, మళ్లీ పరీక్షకి పిలవచ్చు. అందుకని అపాయింట్‌మెంట్లు మానకుండా వెళ్తున్నాను, ఆఫీసులో ఇబ్బంది పడ్డ రోజుల్ని తేదీతో రాసి పెట్టుకుంటున్నాను. క్లెయిమ్ మధ్యలో ఉండి, పాత సంగతులు తవ్వుకుని రాత్రిళ్లు బతకాలనిపించనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 988కి ఫోన్ చేసి 1 నొక్కండి. అది వెటరన్స్ క్రైసిస్ లైన్. ఏ టైమ్‌లోనైనా మనిషి మాట్లాడతారు, వీఏలో పేరు నమోదై ఉండాల్సిన పని లేదు. ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు.