తుంగభద్ర మేడ మెట్లెక్కిన రాత్రి

2009లో మా అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసినవాళ్లంతా ఆషాఢ శ్రావణాలు ఆకాశం చూస్తూనే గడిపారు. మంచి ఏడాదిలోనే మాకు కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ ఏడు దేశమంతా వర్షాభావం. గుంతకల్లు దగ్గర మా చేను సరిగ్గా ఊడలు దిగే వేళకు బెట్టకు వచ్చింది. అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి, "రాఘవేంద్రా, ఒక్క పదును వాన ఇవ్వు, గురువారం నాడు నీ దగ్గరికి వచ్చి మొక్కు తీర్చుకుంటాను" అని దేవుడి గూట్లో పెట్టింది. ఆ తర్వాత పాలు పోసిన డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా కొంత అందులో వేసేది.

దసరా వెళ్లీ వెళ్లకముందే వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. మాకు కారణంతో పని లేదు. మొదటి జల్లుకు మా వీధిలో ముసలివాళ్లు కూడా గొడుగు తీయకుండా బయట నిలబడ్డారు. చేను పూర్తిగా దక్కకపోయినా పశువులకు మేత వస్తుందని అమ్మ సంతోషం. మొక్కు వాయిదా వేయకూడదు అంది. అక్టోబరు 1 గురువారం, మర్నాడు గాంధీ జయంతి కాబట్టి నాకూ సెలవే. అమ్మ, పెద్దమ్మ, నేను మంత్రాలయానికి పొద్దుటి రైలెక్కాం.

ఆదోని కొండలు మబ్బులో మునిగి ఉన్నాయి. కోసిగి దాటాక పట్టాలకు రెండు పక్కలా పత్తి చేలల్లో నీళ్లు నిలిచి కనిపించాయి. పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి చేరి ఆ నీళ్లనే చూశారు. ఒకాయన చేతులెత్తి దండం కూడా పెట్టాడు. ఆ దండం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. నీళ్లు ఎక్కడ కనిపించినా దండం పెట్టే నేల మాది.

మంత్రాలయంలో ముందు గ్రామదేవత మంచాలమ్మను చూసి, ఆ తర్వాతే రాయరి దర్శనానికి వెళ్లాలి. రాయరు అంటే రాఘవేంద్రస్వామే. ఆ ఊరి అసలు పేరు మంచాల. ఆదోనిని ఏలిన సిద్ధి మసూద్ ఖాన్ ఎక్కడి భూమి కావాలన్నా ఇస్తానంటే స్వామి కోరి కోరి ఈ ఏటి గట్టునే అడిగి తీసుకున్నారనీ, 1671లో ఇక్కడే సజీవంగా బృందావన ప్రవేశం చేశారనీ పెద్దమ్మ ప్రతిసారీ చెబుతుంది, ఆ రోజూ చెప్పింది. ఆ కథలో స్వామిని మెచ్చి ఊరిచ్చినవాడు ముస్లిం నవాబు అన్న మాట దగ్గర ఆమె గొంతు ఎప్పుడూ కొంచెం పెరుగుతుంది. దర్శనం బాగా జరిగింది. మంత్రాక్షతలు కొంగు చివర ముడేసుకుని, పరిమళ ప్రసాదం పొట్లాలు సంచిలో పెట్టుకున్నాం. హుండీ దగ్గర మాత్రం జనం తోసుకుంటూ ఉంటే, ముడుపు రేపు తెల్లవారుజామున ప్రశాంతంగా వేస్తానని అమ్మ వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం ఏటికి వెళ్లాం. నాకు తెలిసిన తుంగభద్ర బండల మధ్య పాయలు పాయలుగా పారే నది. ఎండాకాలంలో పిల్లలు అవతలి ఒడ్డు వైపు నడిచిపోతూ కనిపిస్తారు. ఆ రోజు ఒక్క బండ కూడా కనిపించలేదు. ఎర్రమట్టి రంగులో, సుడులు తిరుగుతూ, పైమెట్ల దాకా నిండి ఉంది. ఎవరూ భయపడలేదు. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేసి హారతి పట్టారు. మగవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లు ఆ రంగు చూసి, ఆ వేగం చూసి అప్పుడే సామాను సర్దుకునేవారేమో. మాకు కరువు ఎలా వస్తుందో తెలుసు, ఎంత దూరంలో ఉందో గాలి వాసన పట్టి చెప్పగలం. వరద అడుగుల చప్పుడు మాకు తెలియదు.

పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి సత్రంలో కింది గదే తీసుకున్నాం. రాత్రి కరెంటు పోయింది. వాన ఆగకుండా కొడుతోంది. నిద్రలో పెద్దమ్మ చెయ్యి కిందికి వేలాడి నీళ్లకు తగిలిందట. ఆమె కేకకు లేచి కాలు దించితే చీలమండ పైదాకా చల్లగా ఉంది. నీళ్లు తోసుకు రాలేదు, హోరు లేదు. తలుపు కింద నుంచి, గోడకున్న తూము నుంచి నిదానంగా గది నింపుతున్నాయి. చెప్పులు, సంచి, స్టీలు గిన్నె గదిలో తిరుగుతూ ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి. ఆ చప్పుడంటే నాకు ఇప్పటికీ వణుకే. బయట కాపలాదారు "మేడ మీదకు! అందరూ మేడ మీదకు!" అని తలుపు తలుపూ బాదుకుంటూ వెళ్తున్నాడు. నేనూ అమ్మా చెరో పక్క పట్టి పెద్దమ్మను మెట్లెక్కించాం.

ఆ తర్వాత మేమంతా చూసింది మెట్లనే. ఒక కుర్రాడు టార్చి పట్టుకుని, మునిగిన మెట్టు పక్కన గోడ మీద బొగ్గుతో గీత పెడుతూ వచ్చాడు. ఒక మెట్టు మునగడానికి చాలాసేపు పట్టేది. ఇక ఆగింది అనుకునేవాళ్లం. టార్చి వేస్తే ఆ గీత ఉండేది కాదు. మధ్యలో ఒక పాము మూడు మెట్లు ఎక్కి, మాలాగే ముడుచుకుని ఉండిపోయింది. దాన్ని ఎవరూ కొట్టలేదు. రాయచూరు నుంచి వచ్చిన కన్నడ కుటుంబం రాయర పాటలు అందుకుంటే, భాష రానివాళ్లు కూడా గొంతు కలిపారు. పొట్లాలు విప్పి పరిమళ ప్రసాదం పిల్లలకు పెట్టాం. రవ్వ, నెయ్యి, యాలకుల వాసన ఆ బురద వాసనలోనూ తెలిసింది. దాహానికి పెద్దమ్మ చీర నాలుగు కొసలూ పట్టి వాన నీళ్లు ఇత్తడి చెంబులోకి వడగట్టాం. చుట్టూ అంత నీళ్లుండగా గుక్కెడు నీళ్ల కోసం మళ్లీ ఆకాశం వైపే చూశాం.

తెల్లవారాక చూస్తే వీధి లేదు. దుకాణాల రేకులు, స్తంభాల తలలు, వాటి మధ్య ఎర్రటి నది. మఠంలోకీ నీళ్లు వచ్చాయని చెప్పుకున్నారు. వేళ్లతో సహా పెకలిన పత్తి చెట్లు, ఒక గడ్డివామి, దాని మీద రెండు కోళ్లు మా ముందు నుంచే కొట్టుకుపోయాయి. పత్తి చెట్లను చూసి అమ్మ తట్టుకోలేకపోయింది. "నేను అడిగింది ఒక్క పదునే కదా తల్లీ" అని ఏడ్చింది. సిరుగుప్ప నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆమె పక్కన కూర్చుని, "డ్యాం నీళ్లొక్కటే అయితే ఇంత ఉండదమ్మా. డ్యాంకు కిందపక్క పడ్డ వానంతా వంకల్లోంచి నేరుగా ఏట్లోకే వస్తుంది. మా హగరి కూడా పారిందంటున్నారు" అన్నాడు. హగరి అంటే వేదవతి. ఇసుక తప్ప నీళ్లు చూడని ఏరుగానే మాకు దానితో పరిచయం. ఆయన చెప్పింది విన్నాక అమ్మ కళ్లు తుడుచుకుంది. తన మొక్కు వల్లే ఇది రాలేదని ఎవరో ఒకరు చెప్పాలి, ఆయన చెప్పాడు.

హెలికాప్టర్ చప్పుడు వినిపించినప్పుడు చాలామంది చేతులూపారు. కొందరు మాత్రం దిగులుగా మబ్బుల వైపు చూశారు. సరిగ్గా నెల కిందటే, సెప్టెంబరు 2న, ఇదే కర్నూలు జిల్లా నల్లమలలో వాతావరణం బాగాలేని వేళ హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించారు. "ఈ మబ్బులో ఎందుకు వచ్చారు నాయనా" అని పెద్దమ్మ పైకి చూసి గొణిగింది.

మా సత్రం దగ్గరికి ముందు చేరింది మాత్రం ఒక పుట్టి. వెదురు బద్దలతో అల్లి, పట్టా కప్పి, తారు పూసిన గుండ్రటి పుట్టి. చేపలు పట్టే అన్నదమ్ములిద్దరు, ఒకరి చేతిలో తెడ్డు, ఇంకొకరి చేతిలో గడ. ప్రవాహానికి ఎదురు వెళ్లకుండా, గోడల చాటున నీళ్లు నెమ్మదిగా ఉన్న చోటు వెతుక్కుంటూ వచ్చారు. పిల్లలను, ముసలివాళ్లను ముందు దించారు. పెద్దమ్మ ఎక్కనని మొండికేస్తే పెద్దవాడు "అవ్వా, కళ్లు మూసుకో, రాయరి పేరు చెప్పుకో, కదలకుండా ఉంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు. పుట్టి ఉన్నచోటే గిర్రున తిరిగినప్పుడు నేను అంచు పట్టుకోబోతే, "అక్కా, అంచు వదులు, మధ్యలో కూర్చో" అని గట్టిగా కసిరాడు. కరువు నేలలో వరద చదువు ఎవరి దగ్గరైనా ఉందంటే అది వీళ్ల దగ్గరే ఉంది. ఊళ్లో గొప్ప గొప్ప మేడలు కట్టినవాళ్లకు లేదు, మాకు లేదు. ముందు రోజు సాయంత్రం హారతి పట్టే వేళకైనా "ఏటి దగ్గర ఉండకండి" అని మైకులో ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆ మాట ఎందుకు రాలేదని నాకు ఇప్పటికీ కోపమే.

గట్టున దిగాక ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లె బడిలో ఆశ్రయం దొరికింది. ఊరివాళ్లు జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి తెచ్చి పెట్టారు. అక్కడే విన్నాం, కర్నూలు మునిగిందని. అది మా పిన్ని ఊరు. ఫోన్లు పనిచేయవు. బడి వరండాలో అమ్మ, పెద్దమ్మ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అలా కూర్చుండిపోయారు.

మమ్మల్ని ముంచిన నీళ్లే సుంకేసుల ఆనకట్ట దాటి కర్నూలు మీద పడ్డాయి. అదే సమయానికి ఊళ్లోని హంద్రీ పొంగింది. దిగువన శ్రీశైలంలో కృష్ణ వరద నిండుతోంది. జలాశయం పూర్తిమట్టం 885 అడుగులు, ఆ వరదలో 896 దాటింది. నీళ్లు పోవడానికి దారి లేదు. పిన్ని వాళ్లు పక్కింటి డాబా మీద బతికి బయటపడ్డారు. దారులు తెరుచుకున్నాక పాతబస్తీలో వాళ్లింటికి వెళ్లాం. నీటి గీత ఫ్యాను రెక్కల కంటే పైన ఉంది. పిన్ని పెళ్లి ఫొటోల పుస్తకం ఉబ్బి బురద ఇటుక అయిపోయింది. ఆమె దాన్ని పారేయనివ్వలేదు. ఒక్కో పేజీ వేడినీళ్లతో తడిపి విడదీస్తుంటే రంగులు కరిగి వేళ్లకంటాయి, ముఖాలు రాలేదు. ఆ గోడకు సున్నం వేయించినప్పుడు గీత ఒక్కటి వదిలేయమని నేను అడిగాను. పిన్ని వదిలేసింది. ఆ ఊళ్లో ప్రతి వీధిలో అలాంటి గీత ఒకటి చెరగకుండా ఉంచాలని నేను ఎవరు కలిసినా చెబుతూనే ఉన్నాను. కొత్తగా ఇల్లు కట్టేవాడికి నది ఎంత ఎత్తుకు రాగలదో ఆ గీత చెబుతుంది.

ముడుపు అమ్మ కొంగులోనే తడిసి ఆరింది. మరుసటి ఏడు మళ్లీ మంత్రాలయం వెళ్లాం. మంచాలమ్మ దర్శనం, రాయరి దర్శనం అయ్యాక అమ్మ హుండీ ముందు ముడి విప్పి, డబ్బు రెండు భాగాలు చేసింది. ఒకటి హుండీలో వేసింది. రెండోది పట్టుకుని ఏటి గట్టున పుట్టివాళ్లను వెతికించింది. పెద్దవాడు దొరికాడు. మమ్మల్ని గుర్తుపట్టలేదు, పెద్దమ్మ మొండితనం చెబితే గుర్తుపట్టి నవ్వాడు. డబ్బు వద్దన్నాడు. "ఇది నాది కాదు నాయనా, రాయరిది. వద్దంటే ఆయనకే చెప్పుకో" అంది అమ్మ. అతను కాసేపు ఆలోచించి, ఆ రోజు గోడలకు రాసుకుని పుట్టి అడుగు దెబ్బతిందనీ, వెదురు తానే తెచ్చుకుంటాననీ, దీంతో పట్టా, తారు కొంటాననీ చెప్పి తీసుకున్నాడు. పట్టా ఎమ్మిగనూరులో కొనాలా, ఆదోనిలో అయితే చవకా అని వాళ్లిద్దరూ లెక్కలు వేసుకుంటూ ఉంటే, నేను పెద్దమ్మను ఆటో దగ్గరికి నడిపించుకు వెళ్లాను.