కోర్సు డ్రాప్ చేసే ముందు డాక్టరు ఉత్తరం చేతిలో ఉండాలి: నా అనుభవం

అమెరికాలో ఎం.ఎస్. మధ్యలో మనసు బాగా కుంగిపోయి, కౌన్సెలింగ్‌కి వెళ్లి, ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్ పోగొట్టుకోకుండా తక్కువ క్రెడిట్లతో ఒక సెమిస్టర్ దాటాను. నా కథ ఇక్కడ అనవసరం. ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో కష్టమంతా వరస తప్పడం వల్లే వస్తుంది.

యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఖర్చు చాలాచోట్ల మనం కట్టే స్టూడెంట్ ఫీజులోనే ఉంటుంది. మొదటిది చిన్న మాటామంతీ. ఎంత అత్యవసరమో తేల్చుకోవడానికి ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడతారు. అసలు సెషన్ 45 నుంచి 50 నిమిషాలు. మిడ్‌టర్మ్‌లూ ఫైనల్సూ దగ్గరపడితే స్లాట్లు దొరకవు, కాబట్టి నిద్ర పాడవడం మొదలైనప్పుడే ఫోన్ చేయడం మేలు. ఏడాదికి ఎన్ని సెషన్లు ఇస్తారో, అవి అయిపోయాక ఎక్కడికి పంపుతారో మొదటిరోజే అడగండి. బయటికి పంపితే మన ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లెవరో, కోపే (ప్రతిసారీ మన జేబులోంచి కట్టే వాటా) ఎంతో చూసుకున్నాకే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

వెళ్లగానే ఫారాలు ఇస్తారు. దాదాపు ప్రతిచోటా కనిపించేది పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నపత్రం. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. 'అసలు లేదు' అంటే 0, 'కొన్ని రోజులు' 1, 'సగానికి పైగా రోజులు' 2, 'దాదాపు ప్రతిరోజూ' 3. మొత్తం 27. పదికి చేరితే మధ్యస్థాయి డిప్రెషన్ ఉండొచ్చని లెక్క, ఇరవైకి చేరితే తీవ్రం. మనవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. 'ఆ, పర్లేదు, అందరికీ ఉండేదేగా' అనుకుని అన్నింటికీ 0, 1 పెట్టేస్తారు. చివర్లో స్కోరు ఆరు వస్తుంది, ఫైలు వెనక వరసలోకి పోతుంది. రోజులు లెక్కపెట్టండి. పద్నాలుగు రాత్రుల్లో ఎనిమిదింట నిద్ర పట్టకపోతే అది 2, 1 కాదు. ముందు రెండు వారాలు ఫోన్లో రోజుకో ముక్క రాసుకుంటే చాలు: ఎన్నింటికి పడుకున్నాను, ఏం తిన్నాను, క్లాసుకి వెళ్లానా. తెలుగు అనువాదం ఉంది, అడిగి చూడండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. నిజం రాస్తే పోలీసులు వచ్చేస్తారన్న భయంతో అక్కడ 0 పెట్టకండి. సాధారణంగా జరిగేది మరికొన్ని ప్రశ్నలు అడగడం, ఎవరికి ఫోన్ చేయాలో, ఏ వస్తువులు దూరంగా పెట్టాలో కలిసి కూర్చుని రాసుకోవడం.

ఇంతకన్నా కష్టం నోరు విప్పడం. ఇంగ్లీషులో మన నోట వచ్చేది 'స్ట్రెస్' అన్న ఒక్క మాటే. మనకి తెలిసిన బాధ గుండె దడ, తల దిమ్ము, తిన్నది ఒంటబట్టకపోవడం. ఇవన్నీ అలాగే చెప్పండి. పనిలో పనిగా క్యాంపస్ క్లినిక్‌లో థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. శాకాహారుల్లో బి12 తక్కువైనా నీరసం, దిగులు వస్తాయి.

2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక రోగాల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వాడే పుస్తకం) సంస్కృతి కోణంనుంచి అడిగే 16 ప్రశ్నల ఇంటర్వ్యూ ఒకటి ఉంది. 'మీ సమస్యని ఇంట్లోవాళ్లకి ఎలా చెప్తారు?' అన్నది అందులోదే. కౌన్సెలర్ అడగకపోతే మీరే ఎత్తండి. జవాబు ముందే తెలుగులో కాగితం మీద రాసుకుని వెళ్లడం బాగా పనిచేస్తుంది. ముఖ్యంగా అప్పు సంగతి. 'పేరెంట్స్ ప్రెషర్' అని ఊరుకుంటే 'హద్దులు పెట్టుకో' అన్న సలహా వస్తుంది. ఊళ్లో ఇల్లు తాకట్టులో ఉంది, నాన్న సహ రుణగ్రహీత, నెలనెలా వడ్డీ కడుతున్నాం అని అంకెలతో చెబితే సంభాషణే మారిపోతుంది. హద్దులు పెట్టుకుంటే వడ్డీ ఆగదు కదా.

చెప్పింది ఇంటికి చేరుతుందేమోనని మరో భయం. మీరు సంతకం చేసి అనుమతిస్తే తప్ప తల్లిదండ్రులకీ ప్రొఫెసర్లకీ ఇంటర్నేషనల్ ఆఫీసుకీ చెప్పరు. ప్రాణాపాయం, పిల్లల మీద హింస, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిని మొదటి సెషన్‌లోనే చదివి వినిపిస్తారు.

ఇప్పుడు అసలు మెలిక. చదవలేకపోతున్నామని పోర్టల్లో 'డ్రాప్' నొక్కేయకూడదు. మెడికల్ కారణంతో క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, అవసరమైతే సున్నాకి కూడా. కానీ డీఎస్ఓ (యూనివర్సిటీలో మన వీసా స్టేటస్ చూసే అధికారి) సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) అనుమతి నమోదు చేశాకే డ్రాప్ చేయాలి. ముందు డ్రాప్ చేసి తర్వాత కాగితం తెస్తే స్టేటస్ తప్పినట్టే. దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే రీఇన్‌స్టేట్‌మెంట్ దరఖాస్తు పెట్టుకోవాలి, అదో తలనొప్పి. ఈ అనుమతికి కావాల్సిన ఉత్తరం ఎవరు పడితే వాళ్లు ఇస్తే చెల్లదు. లైసెన్సున్న ఎం.డి. లేదా డి.ఓ. డాక్టరు, లేదా సైకాలజిస్టు ఇవ్వాలి. క్యాంపస్‌లో వారంవారం మనం కలిసే కౌన్సెలర్ చాలాసార్లు సోషల్ వర్కర్ లైసెన్సుతో ఉంటారు. ఎంత మంచివాళ్లైనా వాళ్ల ఉత్తరంతో పని జరగదు. కాబట్టి మొదటి వారంలోనే 'మీ లైసెన్సు ఏది?' అని అడిగి, అవసరమైతే క్యాంపస్ డాక్టరు దగ్గర కూడా అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. ఉత్తరంలో రోగం పేరు వివరంగా ఉండక్కర్లేదని చాలా ఆఫీసులు ఒప్పుకుంటాయి. ఆరోగ్య కారణంగా ఈ సెమిస్టర్ తక్కువ కోర్సులు సిఫారసు చేస్తున్నామని ఉండాలి.

ఈ అనుమతి ఒక్క సెమిస్టర్‌కే. మళ్లీ కావాలంటే కొత్త ఉత్తరం తేవాలి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలలు దాటకూడదు. చదువు అనుకున్నదానికన్నా సాగితే ఐ-20 (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) గడువు తీరకముందే పొడిగింపు అడగాలి. అసిస్టెంట్‌షిప్ ఉంటే తక్కువ క్రెడిట్లతో అది నిలుస్తుందో లేదో డిపార్ట్‌మెంట్లో విడిగా కనుక్కోవాలి.

మందులు రాస్తే ఓపిక పట్టాలి. సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపు తిప్పడం మామూలే. పాతికేళ్లలోపు వాళ్లకి తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందని మందు సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటుంది. అలా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. మనంతట మనం ఠక్కున ఆపేయకూడదు. అర్ధరాత్రి తట్టుకోలేకపోతే అమెరికాలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.

సెలవులకి ఇంటికి వెళ్లేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కౌన్సెలర్ లైసెన్సు ఆ రాష్ట్రం వరకే, కాబట్టి ఇండియా నుంచి వీడియో సెషన్ కుదరదంటారు. ప్రయాణానికి ముందు వారమే చివరి సెషన్ పెట్టుకుని, ప్రిస్క్రిప్షన్ కాపీ, తిరిగొచ్చేదాకా సరిపడా మందులు సంచిలో వేసుకోవాలి. ఇండియాలో ఉన్నన్నాళ్లూ అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీపగలూ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.