మావయ్య పాత సైకిలుకి ఫిక్స్‌డ్ గేరు: నా అనుభవం

గాజువాకలో మావయ్య వాళ్ల మెట్ల కింద ఓ పాత డ్రాప్ హ్యాండిల్ సైకిలు ఏళ్ల తరబడి పడి ఉంది. "తుక్కుకి వేసేస్తానురా, కావాలంటే పట్టుకుపో" అన్నాడు, పట్టుకొచ్చేశాను. ఫిక్సీ తొక్కాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఫిక్సీ అంటే ఫ్రీవీలు (పెడల్ ఆపినా చక్రం తిరిగేలా చేసే వెనక పళ్లచక్రం) ఉండదు, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ముందు చూసింది వెనక ఇరుసు కూర్చునే గాడి. అది అడ్డంగా ఉంటేనే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించుకోగలం, నిలువుగా ఉంటే గేర్లు తీసేశాక బిగువు కుదరడం చాలా కష్టం. దీనికి అడ్డంగానే ఉంది, అందుకే ధైర్యం చేశాను.

ఇక తుప్పు. వైజాగ్ సముద్రపు గాలికి సీటు రాడ్డు ఫ్రేముని కరుచుకుపోయింది, రెండు రోజులు కిరోసిన్ పోసి నానబెడితే మూడో రోజు కిర్రుమని కదిలింది.

అసలు కథ హబ్బు, అంటే చక్రం మధ్య ఇరుసు చుట్టూ తిరిగే భాగం, దగ్గర. మా వీధి సైకిల్ షాపు బాబాయ్ చూసి "ఏటి బాబూ, కొత్త హబ్బెందుకు, ఫ్రీవీలుకి నాలుగు చుక్కలు వెల్డింగ్ కొట్టీమంటావా, ఇప్పుడే అయిపోద్ది" అన్నాడు. చాలామంది చేసేది అదే, కానీ నేను వద్దన్నాను, మీరూ వద్దనండి. ఫ్రీవీలు మామూలు మరతో బిగుస్తుంది, ముందుకి తొక్కితే ఇంకా బిగుస్తుంది. వేగం తగ్గించడానికి పెడల్ని వెనక్కి నొక్కారా, అది ఊడటం మొదలుపెడుతుంది, దాన్ని ఆపడానికి అక్కడ ఏమీ ఉండదు. ఫిక్స్‌డ్ గేరు కోసమే చేసే ట్రాక్ హబ్బులో అలా కాదు, పళ్లచక్రం కూర్చునే మర పక్కనే కాస్త చిన్న మెట్టు మీద ఉల్టా మర (ఎడమవైపు తిప్పితే బిగుసుకునేది) ఉంటుంది, పళ్లచక్రాన్ని ఊడకుండా పట్టే లాక్‌రింగు దాని మీద బిగుస్తుంది. పళ్లచక్రం ఊడబోతే లాక్‌రింగుని తోస్తుంది, ఆ తోపుకి లాక్‌రింగు ఇంకా బిగుస్తుంది. హబ్బు తెప్పించి చూపిస్తే బాబాయ్ రెండు మరల మీదా గోరు ఆనించి నెమ్మదిగా లాగి "ఔను, ఇది ఎడమ మర" అన్నాడు. తర్వాత పుల్లలు అల్లి, బెండు తీసి చక్రం కట్టిచ్చింది ఆయనే.

హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు, మా ఫ్రేము 126, అందుకే రెండువైపులా 3 మిల్లీమీటర్ల వాషర్లు వేశాం. వెనక పళ్లచక్రం ఫ్రేము మధ్య నుంచి 42 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, ముందుది కూడా అదే గీతలోకి రావాలి, లేకపోతే చైను వంకరగా నడుస్తుంది. ముందు పెద్ద చక్రం తీసేసి 42 పళ్ల దాన్ని లోపలివైపు బిగించాం, వెనక 16. మన ఊళ్లో ఎత్తుపల్లాలకి ఇంతకంటే బరువు గేరు వద్దు.

చైను బిగువుకి ఓ సాయంత్రం పట్టింది. పెడలు తిప్పుతుంటే ఒకచోట చైను తీగలా బిగుసుకుంటోంది, అరచుట్టు తిరిగాక వదులవుతోంది. ముందు చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోలేదన్నమాట. బోల్టులు కొంచెం వదులు చేసి, బిగువు దొరికిన చోట చైనుని చెక్కతో మెల్లగా తట్టి, మళ్లీ తిప్పి, మళ్లీ తట్టి, చివరికి ఎక్కడ చూసినా వేలితో నొక్కితే ఓ సెంటీమీటరు ఆడేలా చేశాను.

ముందు బ్రేకు ఉంచాను, తీసే ఆలోచనే లేదు. తెల్లవారుజామున కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బయలుదేరి బీచ్ రోడ్డులో రుషికొండ వైపు తొక్కాను. తెన్నేటి పార్కు వైపు ఎత్తెక్కేటప్పుడు చక్రమే కాళ్లని తోస్తున్నట్టు అనిపించింది, ఆ సుఖం గేర్ల సైకిలు మీద ఎప్పుడూ ఎరగను. దిగేటప్పుడు మాత్రం కాళ్లు గిరగిరా తిరిగిపోయాయి. ఈ గేరులో గంటకి 40 కిలోమీటర్లంటే నిమిషానికి 120 చుట్లు, కాళ్లు ఆపడానికి లేదు. బ్రేకు పట్టుకుని మెల్లగా దిగాను.

ఇంటికొచ్చి లాక్‌రింగుకి మళ్లీ పానా వేశాను. తొక్కుడికి పళ్లచక్రం ఇంకాస్త లోపలికి బిగిసినట్టుంది, లాక్‌రింగు మరికాస్త తిరిగింది.