ప్రెషర్ ఊగితే కాలమ్ మీద పడకండి

మా క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబులో హెచ్‌పీఎల్‌సీకి, అంటే శాంపిల్‌ని ద్రావణంతో తోసి అందులోని పదార్థాలను విడదీసే మెషీన్‌కి, ఏమైనా ముందు నింద కాలమ్ మీదే, అంటే ఆ విడదీత జరిగే గొట్టం మీదే. మొన్న నైట్ షిఫ్ట్ కుర్రాడూ అదే అన్నాడు: "మేడమ్, కాలమ్ పోయినట్టుంది. కొత్తది తీయమంటారా?"

రిటెన్షన్ టైమ్ (పదార్థం కాలమ్ దాటి రావడానికి పట్టే సమయం) ఒక ఇంజెక్షన్‌కీ ఇంకోదానికీ పొంతన లేదు. 150 బార్ దగ్గర నిలబడాల్సిన ప్రెషర్ 110 దాకా పడి లేస్తోంది, అదీ పంపు స్ట్రోక్‌తో పాటే. కాలమ్ మూసుకుపోతే ప్రెషర్ పెరుగుతూ పోతుంది గానీ ఇలా స్ట్రోక్‌తో పాటు ఊగదు. గాలి పోయేలా లైన్లు పర్జ్ చేయించాను, ద్రావణంలోని గాలిని తీసే డీగ్యాసర్ చూశాం, తగ్గలేదు. ఫిట్టింగుల దగ్గర తడీ లేదు, తెల్లటి ఉప్పూ లేదు, అంటే లీకు కనబడలేదు.

కాలమ్ విప్పి ఆ చోట రెస్ట్రిక్షన్ క్యాపిలరీ (కాలమ్ లాగే ప్రెషర్ ఇచ్చే సన్నటి గొట్టం) పెట్టించాను. ఊపు ఎక్కడికీ పోలేదు, అంటే తప్పు కాలమ్‌ది కాదు. మాది రెండు ద్రావణాలను విడివిడిగా లాగి కలిపే బైనరీ పంపు కాబట్టి ఒక్కో వైపూ విడిగా నడిపాం. బఫర్ (ఉప్పు కలిపిన నీళ్ళ) వైపు ప్రెషర్ గీత సాఫీగా ఉంది. అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ వైపుకి మార్చగానే మళ్ళీ మొదలు.

అప్పుడు బాటిల్లోని ఫిల్టర్‌ని ఒక్క క్షణం పైకెత్తి, గొట్టంలోకి చిన్న గాలిబుడగ పోనిచ్చాం. పంపులోకి ద్రావణాన్ని ఒకవైపే పోనిచ్చే ఇన్‌లెట్ చెక్ వాల్వ్ బాగుంటే బుడగ కాస్త ముందుకెళ్ళి ఆగాలి, మళ్ళీ ముందుకే వెళ్ళాలి. మాది ముందుకెళ్ళి వెనక్కొస్తోంది. "అయ్యో, వెనక్కొస్తోంది మేడమ్!" అన్నాడు కుర్రాడు. ఇన్‌లెట్ చెక్ వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట.

లోపల ఉండేది సఫైర్ సీటు మీద ఓ చిన్న రూబీ బంతి, అంతే. పిస్టన్ లాగినప్పుడు బంతి లేవాలి, తోసినప్పుడు కూర్చోవాలి. అసిటోనైట్రైల్ ఎంత మంచి గ్రేడైనా అందులోంచి సన్నటి జిగురు పొర ఏర్పడి బంతిని పట్టేస్తుంది. మిథనాల్‌తో ఈ బాధ తక్కువ.

వాల్వ్ విప్పి, బాణం గుర్తు పైకి ఉండేలా చిన్న బీకర్‌లో నిలబెట్టి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి పావుగంట సోనికేట్ చేశాం, అంటే అల్ట్రాసౌండ్ తొట్టిలో పెట్టాం. (బఫర్ వైపు వాల్వ్ అయితే ముందు నీళ్ళతో కడగాలి, ఫాస్ఫేట్ ఉండగా ఐపీఏ పోస్తే ఉప్పంతా లోపలే దిగుతుంది.) తీశాక చెవి దగ్గర ఊపితే బంతి టిక్కు టిక్కుమంది. విప్పినప్పుడు ఆ చప్పుడు లేదు.

బిగించి, నిమిషానికి 1 మి.లీ. ఫ్లో పెట్టి, 10 మి.లీ. ఫ్లాస్క్, స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాం. పది నిమిషాలకి ఫ్లాస్క్ మీది గీత దగ్గరికి వచ్చింది, పంపు సరిగా తోస్తోందన్నమాట. ఇక బ్రేక్‌డౌన్ ఎంట్రీ, క్యూఏ (నాణ్యత హామీ విభాగం) సంతకం... వాల్వ్ కడగడం కంటే ఆ కాగితాలకే ఎక్కువ సేపు పట్టింది, అది వేరే కథ.

ఒకసారి పట్టిన వాల్వ్ మళ్ళీ పడుతుంది. అందుకే ఆ వైపుకి సిరామిక్ బంతి ఉన్నది ఇండెంట్ పెట్టాను. అది వచ్చేదాకా రన్ అయ్యాక ఆ లైన్‌ని వట్టి అసిటోనైట్రైల్‌తో వదలొద్దని, సగం మిథనాల్ సగం నీళ్ళు పోనిచ్చి ఆపమని షిఫ్ట్ వాళ్ళకి చెప్పాను.