క్యాలెండర్ వెనక మూడు అంకెలు

ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ అన్న మాట మూడేళ్లయినా అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఇంటర్ పిల్లలందరిదీ ఇదే వరస. పరీక్షలు అయిపోతే గుండె కూడా కుదురుకుంటుంది." నవ్వుతూ అన్నారు. నా మణికట్టు పట్టి చూడనైనా లేదు.

సంక్రాంతి వెళ్లిన వారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. చైతన్యపురిలో మా రెండు గదుల ఇంట్లో అందరూ దుప్పట్లు ముసుగు పెట్టుకుంటే, నేను ఫ్యాను వెయ్యమని గొడవ చేసేదాన్ని. దసరా నుంచి ఆరు కిలోలు తగ్గాను. ఆకలి మాత్రం రెట్టింపయింది. పెళ్లిలో కలిసిన పెద్దమ్మ "ఎంత నాజూగ్గా తయారయ్యావే" అని మురిసిపోయింది. రికార్డులో బొమ్మలు వేస్తుంటే చెయ్యి వణికి గీతలు వంకర పోయేవి. ఇవన్నీ ఒకే జబ్బు చేస్తున్న పనులని ఎవరికీ తోచలేదు.

రెండింటికి మెలకువ వచ్చింది. గుండె చప్పుడు చెవిలో, గొంతులో, దిండులో. ఎడమవైపు తిరిగితే మంచం కూడా అదురుతున్నట్టు అనిపించింది. లేచి నీళ్లు తాగాను. తగ్గలేదు. వరండాలోకి వెళ్లి నిలబడితే ఆ చలిలో వీపంతా చెమట. చచ్చిపోతానేమో అనుకున్నాను. ఆ మాట అనడానికి నోరు రాలేదు. అమ్మను లేపి చెయ్యి చాపాను, అంతే. ఆటోలో ఆసుపత్రి చేరేదాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

ఈసీజీలో నిమిషానికి 138. లయ సక్రమంగానే ఉంది, వేగం ఒక్కటే ఎక్కువ అన్నారు. ఆ ఒక్కటీ ఎందుకు ఎక్కువో వెతకాలని ఆ డాక్టర్‌కు అనిపించలేదు. చీటీ మీద "ఆందోళన" అని రాసి, ఒక మాత్ర ఇచ్చి పంపేశారు. ఇంటికొచ్చాక నాన్న "ఫోను పక్కన పెట్టి వేళకు నిద్రపో, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. డాక్టర్ మాట కంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను.

కింది వాటాలో ఉండే రిటైరైన నర్సమ్మ గారికి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. "భయంతో కొట్టుకునే గుండె నిద్ర పడితే దిగాలమ్మా. పిల్ల గాఢంగా నిద్రపోయాక చూడు. నిండా నిమిషం లెక్కపెట్టు" అని అమ్మకు చెప్పి, బొటనవేలు తగలకుండా రెండు వేళ్లతో నాడి పట్టడం నేర్పారు. పదో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ మూడు రాత్రులు మేలుకుని, గోడ క్యాలెండర్ కాగితం వెనక రాసింది: 118, 122, 116. ఆ వయసు వాళ్లకు మెలకువగా ఊరికే కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉండాలి. నిద్రలో అంతకన్నా తగ్గాలి.

హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టు మేడమ్ నాకన్నా ముందు ఆ కాగితాన్నే చూశారు. నన్ను చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచారు. ఫ్యాను ఆపిన గదిలో అది రెపరెపలాడింది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్లు ఎక్కువైతే పడిపోయే హార్మోన్) దాదాపు సున్నా, థైరాయిడ్ హార్మోన్లు హద్దు దాటి ఉన్నాయి. గ్రేవ్స్ వ్యాధి అన్నారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి థైరాయిడ్ గ్రంథిని ఆగకుండా పని చేయిస్తుందట. జువాలజీలో ఆ గ్రంథి వదిలే థైరాక్సిన్ మీద జవాబు ఎన్నిసార్లు రాశానో. ఆ పాఠం నా మెడలోనే నడుస్తోందని తెలుసుకోలేకపోయాను.

థైరాయిడ్ హార్మోన్ల తయారీ తగ్గించే కార్బిమజోల్, మొదటి వారాల్లో గుండె వేగం తగ్గడానికి ప్రొప్రనలాల్ ఇచ్చారు. గొంతునొప్పి, జ్వరం వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా రక్తకణాల పరీక్షకు రావాలని గట్టిగా చెప్పారు. కార్బిమజోల్‌తో అరుదుగా తెల్ల కణాలు పడిపోతాయట. పరీక్షలు రాశాను. బరువు మెల్లగా తిరిగొచ్చింది.

భయంతో గుండె వేగం పెరగదని నేను అనను. జ్వరం, రక్తహీనత, నీళ్లు చాలకపోవడం, ఎనర్జీ డ్రింకులు, అన్నీ పెంచుతాయి. కానీ హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ చూడటానికి ఒక్క సూదితో తీసే రక్తం చాలు. అదీ చేయకుండా పదిహేడేళ్ల పిల్లను పిరికిదని పంపేయడం నేను ఇప్పటికీ క్షమించలేను. మీ ఇంట్లో పిల్లలకు ఇలా ఉంటే నిద్రలో నాడి చూడండి. మీట నొక్కినట్టు ఒక్కసారిగా మొదలై 180 దాటినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా లెక్కలు పెడుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాన్న నాకు చెప్పకుండా చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చారట. కోరిక తీరితే 108 చేయాలి. మేడమ్ సరేనన్నాక ఇద్దరం కలిసి వెళ్లాం. యాభై నాలుగో చుట్టు అయ్యాక నాన్న నన్ను నీడలో కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలు ఆగి, అమ్మ దగ్గర నేర్చుకున్నట్టున్నారు, రెండు వేళ్లతో నాడి పట్టి గడియారం చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టారు. 88. ఏమీ అనలేదు. ప్రదక్షిణల కార్డు, పెన్ను నా చేతికిచ్చి లేచారు.