నేరేడాకు మీద నల్ల మచ్చ

ఆకు మచ్చ మీద పూసిన నెయిల్ పాలిష్ ఆరింది. ఊపిరి బిగబట్టి పొర లాగితే, మచ్చ మొత్తం దాంతోపాటే లేచొచ్చింది!

లంకమల కొండల నుంచి తెచ్చిన నేరేడాకు. "మసిలే పాపా, తుడిస్తే పోతాది" అనింది అవ్వ. పోలేదు. ఇది మసి కాదు, ఫంగస్. ఆకు కణాల్లోకి దిగి తింటుంది మరి.

మైక్రోస్కోపు కింద గోధుమరంగు పోగులు, వాటికి చిన్న చిన్న బొడిపెలు, నడుమ నిక్కబొడుచుకున్న నల్లటి వెంట్రుకలు. మెలియోలా అనే ఫంగస్! ఒక్కో బీజంలో 5 గదులు. ఎంత అందంగా ఉందో.

సాయంత్రం దాకా 50 బీజాలు కొలిచా. మా దగ్గరున్న పాత వర్ణనల్లో దేనికీ కుదరట్లేదు. కొత్త జాతేమో అని గుండె దడదడలాడుతోంది.

"తొందరపడొద్దు, ఇంకో చెట్టు మీద కూడా దొరకాల" అన్నారు మేడమ్. నిజమే. బతికున్న ఆకు మీద తప్ప ఇది బతకదు, ల్యాబులో పెంచలేం.

పొద్దున్నే మళ్లీ కొండకి.